గిటారు వీపుకి నా పీట చెక్క

దయ్యాలున్నాయంటే ఏనాడూ ఒప్పుకున్న మనిషిని కాను. ఇసకపల్లి దగ్గర ఉప్పు మడుల్లో పుట్టి పెరిగాను. ఉప్పు రాశులకు రాత్రి కాపలా వంతు మా ఇంటికి వచ్చినప్పుడు మా నాయన పక్కన నేనే పడుకునేదాన్ని. రాశులకు అవతల సమాధులు. నక్కలు వచ్చేవి, ఉప్పు దొంగలు వచ్చేవాళ్లు, దయ్యం మాత్రం ఒక్కటీ రాలేదు. పెళ్లయి బిట్రగుంట వచ్చాక, పాత రైల్వే కాలనీలో పాడుబడ్డ బంగళాల్లో దొరసాని తిరుగుతుందని ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ బంగళాల వెనకాలే నేను కట్టెపుల్లలు ఏరుకునేదాన్ని. నాకు ఏ దొరసానీ అడ్డం రాలేదు.

అట్లాంటి నేను ఇది రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. కళ్లతో చూసినంత వరకే రాస్తాను. చూడనిది కలపను.

మా ఆయన పేరు దేవదానం. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పెళ్లికి ముందే ఆయన దగ్గర ఒక గిటారు ఉండేది. షెడ్డులో డ్రైవరుగా చేసిన ఆంగ్లో ఇండియన్ ఒకాయన ఊరు విడిచి పోతూ, మోసుకుపోలేక ఈయన చేతిలో పెట్టి పోయాడట. ఆ డ్రైవరుకి వాళ్ల నాన్న ఇచ్చిందట. అంతకు ముందు అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. లోపల ఒక కాగితం అంటించి ఉంది గాని, దాని మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి.

ఆదివారం చర్చిలో పాటలకు ఆయనే వాయించేవాడు. నాకు మాత్రం ఆ గిటారంటే గిట్టేది కాదు. తీగ తెగితే దండగ ఖర్చు. సాయంత్రమంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కట్టెలు ఎవరు కొడతారు? ఆ మాట ఆయన ముందే అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

నాతో ఈ ఇంటికి వచ్చింది ఒక పీట. దాని సంగతీ ఇక్కడే చెప్పాలి.

నా చిన్నప్పుడు ఒక తుఫాను వెలిసిన పొద్దున మా నాయనకు సముద్రం ఒడ్డున మందమైన పలక ఒకటి దొరికింది. ఏ పడవదో, ఏ ఓడలో సరుకో. దానికోసం ఎవరూ రాలేదు. నాయన దాన్ని ఇంట్లో అటక మీద దాచి, నా పెళ్లప్పుడు కింద రెండు కాళ్లు కొట్టించి సారెతో పంపాడు. రెండడుగుల పొడుగు. మా నాయన కొని ఇవ్వగలిగిన మనిషి కాదు, ఉన్నది ఇచ్చాడు.

భోజనాలయ్యాక ఆ పీటను బూడిదతో, కొబ్బరిపీచుతో తోమి గోడకు ఆనించడం నా అలవాటు. అట్లా తోమీ తోమీ అది ఎముకలాగా తెల్లబడింది. ఇంట్లో డైనింగ్ టేబులు వచ్చిన తర్వాత కూడా మా ఆయన ఆ పీట మీదే కూర్చుని తినేవాడు. తినేటప్పుడు మాట్లాడడు. చారు ఇంకాస్త కావాలంటే పీట అంచు మీద చూపుడువేలితో రెండుసార్లు కొట్టేవాడు. నేను పోసేదాన్ని. మా కాపురంలో సగం మాటలు అవే.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. మంచమే ఇల్లయింది. ఇక పీట మీద కూర్చునేది లేదు. ఆ వేలితో కొట్టడం కూడా అప్పటితో ఆగిపోయింది. పీట నాకు మిగిలింది. దాని మీద కూర్చునే కూరగాయలు తరిగేదాన్ని.

ఆయనకు గిటారు మిగిలింది. వాయించలేడు. మంచం మీద పక్కన బోర్లా పడుకోబెట్టించుకుని దాని వీపు మీద ఎడమ అరచెయ్యి వేసుకుని పడుకుంటాడు. తీగలు పైకుంటే చెయ్యి తగిలి అపస్వరం మోగుతుంది, అది ఆయనకు సహించదు. చెయ్యి దాని మీద ఉన్నంతసేపు నోరు తెరుస్తాడు, గంజి మింగుతాడు. తీసేస్తే తెరవడు. మా కోడలు కరుణ నవ్వేది.

"మామకి పెళ్లాం అదే అత్తా. మనిద్దరం పనోళ్లం."

వానాకాలంలో ఒక మధ్యాహ్నం పైకప్పు పెచ్చు ఊడి పడింది. తిరగలి రాయంత పెచ్చు. మనిషికి బెత్తెడు దూరంలో, నేరుగా గిటారు వీపు మీద పడింది. వీపులో ఒక సగం నుగ్గునుగ్గయింది. ఆయన చెయ్యి ఉన్న రెండో సగానికి గీత కూడా పడలేదు. ఆయనకు దెబ్బ తగల్లేదని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. తొందరపడి చెప్పుకున్నానని సాయంత్రానికి తెలిసింది. గంజి తీసుకుపోతే నోరు తెరవలేదు.

మర్నాడూ అంతే. బలవంతాన పోస్తే పెదవి చివర నుంచి కారిపోయేది, చెంచాతో పోసిన నీళ్లు మాత్రం కాసిన్ని దిగేవి. కావలి నుంచి డాక్టరును పిలిపించాం. ఇట్లాగే ఉంటే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందన్నాడు. ఈ వయసులో గొట్టం వేశాక, అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆపిన చోటే నాకు అర్థమయింది.

ముందు మా వీధి వడ్రంగితో ప్లైవుడ్డు ముక్క వేయించాను. తక్కువలో అయిపోతుంది కదా అనుకున్నాను. ఆయన దాని మీద చెయ్యి వేశాడు. కాసేపు ఉంచాడు. చెయ్యి తీసి తన గుండెల మీద పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు.

అప్పుడు కరుణ వాళ్లనీ వీళ్లనీ అడిగి నెల్లూరులో ఖాదర్ బాషా అనే ఆయన్ని కనుక్కుంది. హార్మోనియంలు, వీణలు బాగుచేసే మనిషి. గిటారును దుప్పట్లో చుట్టి ప్యాసింజరు బండిలో తీసుకుపోయాం. బాషా దాన్ని బోర్లా తిప్పి చూశాడు.

"ఎవరమ్మా దీనికి చెప్పుల అట్ట కొట్టినాడు?"

"నేనే కొట్టించా నాయనా. దాందేముంది, ఊడబెరుకు," అన్నాను. కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాషా చెప్పిన విషయం నాకు తెలిసినంతలో చెబుతాను. గిటారు వీపుకి ఒక మందపాటి పలకను నిలువునా రెండు రేకులుగా కోసి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, పక్కపక్కన అతికిస్తారట. అందుకే ఆ పక్క చారలు ఈ పక్క చారలకు అద్దంలో నీడలాగా ఉంటాయి. ఇప్పుడు ఒక రేకు పోయింది. ఏదో ఒక చెక్క వేస్తే మళ్లీ ప్లైవుడ్డు కథే అవుతుంది.

"రెండు పక్కలా ఒకే జాతి, ఒకే ఈడు చెక్క ఉండాలమ్మా. లేకపోతే ఒకటి గుంజుద్ది, ఒకటి ఉబ్బుద్ది. ఇది రోజ్‌వుడ్డు జాతే. అయితే మన కొండల్లోది కాదు. నా దగ్గర లేదు. దొరికితే పాత కలపలోనే దొరకాల."

విరిగిన ముక్క ఒకటి నా చేతికిచ్చి ఎట్లా చూడాలో నేర్పాడు. పాత చెక్క పైన చూస్తే ఏమీ తెలియదట. విరిగిన చోట బొటనవేలు తడిచేసి రుద్దాలి. తడికి లోపలి రంగు పైకి వస్తుంది. దాన్నీ దీన్నీ పక్కన పెట్టి చూసుకోవాలి.

ఇక ఆ ముక్క సంచిలో వేసుకుని తిరిగాను. కావలిలో పాత తలుపులు అమ్మే డిపోలు చూశాను. బుచ్చిరెడ్డిపాలెంలో పాత బియ్యం మిల్లు పడగొడుతున్నారంటే అక్కడికీ పోయాను. అంతా టేకు, మద్ది. మా కొడుకు తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. విదేశాల నుంచి మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కలు మూటగట్టి తెచ్చాడు. అన్నీ పాలరంగు చెక్కలు. పొయ్యిలోకి పనికొచ్చాయి. బుచ్చిలో నేను వేలు నాకి తడిచేసి, చెక్క తర్వాత చెక్క రుద్దుతుంటే మిల్లు కలప అమ్మే అతను కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏందవ్వా, కొంటావా, రుచి చూసి పోతావా?"

"రుచి బాగుంటే కొంటా," అన్నాను. ఒక్కటీ బాగాలేదు.

అప్పటికి ఆయన చెంపలు లోపలికి పోయాయి. మణికట్టు పట్టుకుంటే నా రెండు వేళ్లు కలుసుకుంటున్నాయి. గొట్టం వేయించడానికి కావలి తీసుకుపోదామని మా వాడు అంటున్నాడు. ఇంకొక్కసారి చూద్దామని నేను ఆపుతున్నాను. ఎక్కడ చూడాలో మాత్రం నాకు తెలియదు.

బుచ్చి నుంచి వచ్చిన సాయంత్రం ఒళ్లంతా నొప్పులు. కరుణ చల్లన్నం పెడితే పీట మీద కూలబడ్డాను. ఆ పొద్దున కరుణ చేతిలో నుంచి పొత్రం జారి పీట మూల ఎగిరిపోయింది. అందుకు బుచ్చికి పోయేముందే కరుణను తిట్టాల్సినంత తిట్టి పోయాను. కూర్చుని ఆ మూలను తడుముతున్నాను. ఎందుకు తడిమానో చెప్పలేను. రోజంతా చేసిన పనే చెయ్యి చేసిందేమో. మజ్జిగ అంటిన బొటనవేలితో విరిగిన చోట రుద్దాను.

తెల్లటి పీట లోపల నుంచి ముదురు ఎరుపు, దాంట్లో నల్లటి చారలు పైకి వచ్చాయి.

సంచిలోని ముక్క తీసి పక్కన పెట్టాను. కరుణను పిలిచి దీపం తెమ్మన్నాను. కరెంటు ఉండగా దీపం ఎందుకని అడిగింది. ఏమో, అట్లా వచ్చింది నోటికి. లైటు కింద పట్టి చూసింది.

"అత్తా, ఊళ్లన్నీ తిరిగొచ్చినావు. నువ్వు కూర్చునిందేంది?"

మా నాయన ఇచ్చిన ఒకే ఒక్క వస్తువు. దాన్ని కోయించాలా అన్న ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. పక్క గదిలో ఆయన ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడింది. పొద్దున్నే పీటను గోనెసంచిలో చుట్టాను.

బాషా దాని కాళ్లు ఊడదీసి, మేకులు పీకి, పైన కాస్త చిత్రిక పట్టాడు. పట్టినకొద్దీ ఆయన మొహం మారింది. ఎక్కడిదమ్మా అంటే చెప్పాను. సముద్రపు ఉప్పు తాగిన చెక్క, ఇంత ఎండింది, ఇక వంకర పోదు అన్నాడు. దాని మందంలో నుంచి ఒక పలచటి రేకు కోస్తానన్నాడు. మిగిలిన చెక్క నాదేనని, తిరిగి ఇవ్వాలని ముందే చెప్పి అక్కడే కూర్చున్నాను. రేకు కోసి మిగిలింది దాచేసుకుంటారేమోనని నా అనుమానం. ఆ అనుమానం వల్లే నేను అంతా చూశాను.

సన్న రంపంతో నిదానంగా కోశాడు. రేకు విడిపోయాక తడిగుడ్డతో తుడిచి, గిటారులో బాగున్న సగం పక్కన పెట్టాడు. తిప్పాడు. మళ్లీ తిప్పి పెట్టాడు. చేతిలోని గుడ్డ కింద పెట్టేశాడు.

నేను లేచి వెళ్లి చూశాను. బాగున్న సగంలో కింది భాగాన చారలు వంపు తిరిగి, చేప కన్నులాగా ఒక ముడి చుట్టూ పోతాయి. ఆ కన్ను పక్కన ఆవగింజ పట్టేంత బెజ్జం ఉంది, లోపలి నుంచి మైనం నింపి ఉంది. చెట్టుగా ఉన్నప్పుడే పురుగు తొలిచిందట. ఇప్పుడు నా పీట రేకులో, సరిగ్గా అదే ఎత్తున, అటు తిరిగి అదే కన్ను. కన్ను పక్కన అదే బెజ్జం. చారలు ఆ సగంలో నుంచి ఈ సగంలోకి మడిచిన కాగితం మీద సిరా మరకలాగా వచ్చాయి. నేను పెద్ద చదువు లేనిదాన్నే గాని గుడ్డిదాన్ని కాను.

బాషా నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఈ పీట ఈ గిటారుతోనే వచ్చిందా?"

"లేదు నాయనా. గిటారు ఆయనతో ఉండింది. పీట నాతో వచ్చింది."

"ఒకే పలక. పక్కపక్క రేకులు. రంపం మందం తప్ప మధ్యలో ఏమీ పోలేదు," అన్నాడు. ఆ తర్వాత టీ తెప్పించాడు గాని తాగలేదు. కూలి సంగతి అడిగితే తర్వాత చూద్దాంలే అన్నాడు. నాకు దానికీ భయమే వేసింది.

అప్పుడు నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ముందు గదిలో వాయిస్తుంటే, వంటింట్లో గోడకు ఆనించిన పీట సన్నగా మూలిగేది. "నీ పీట పాడతా ఉంది," అనేవాడు ఆయన. గూడ్సు పోతా ఉంది, గోడలు అదురుతున్నాయి అనేదాన్ని నేను. బిట్రగుంటలో ఎప్పుడూ ఏదో ఒక బండి పోతూనే ఉంటుంది. ఆ రోజుల్లో బండి లేనప్పుడు కూడా మూలిగిందా అని ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. గమనించలేదు. పనిలో ఉన్నాను.

గిటారు తయారయింది. కొత్త సగం, పాత సగం ఏది ఏదో నాకే తెలియనట్టు మెరుగు పెట్టాడు బాషా. మిగిలిన పీట చెక్క, కాస్త పలచబడింది, తెచ్చుకుని మా వీధి వడ్రంగితో మళ్లీ కాళ్లు కొట్టించాను. పారేసేదెందుకు?

ఆయనకు మేమేమీ చెప్పలేదు. ఇది గట్టిగా రాస్తున్నాను. పీట కోసిన సంగతి గాని, చెక్క దొరికిన సంగతి గాని ఆయన గదిలో ఎవరూ ఎత్తలేదు. నిద్రపోతున్నాడో మేలుకున్నాడో తెలియని మనిషి ముందు ఏం చెబుతాం? గిటారును మంచం మీద బోర్లా పెట్టి, ఎడమ చెయ్యి ఎత్తి దాని మీద వేశాను. చెయ్యి పాత సగం మీద పడింది. అట్లాగే ఉంచాడు. కాసేపటికి వేళ్లు పాకుతూ మధ్య అతుకు దాటి కొత్త సగం మీదికి వచ్చాయి. అంచు దాకా పోయి ఆగాయి.

చూపుడువేలు లేచి రెండుసార్లు కొట్టింది.

ఆయన మంచాన పడకముందు కరుణ కూడా ఈ ఇంట్లో ఆ చప్పుడు విన్న పిల్లే.

"అత్తా," అంది మెల్లగా. "మామ చారు అడగతా ఉండాడు."

చారు పోసి మెత్తగా కలిపిన అన్నం గిన్నెడు తిన్నాడు. ఒక్క మెతుకు బయటికి రాలేదు. గొట్టం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడితో అయిపోయుంటే, చెక్క దొరకడం ఒక వింత, దేవుని కృప అని ఊరుకునేదాన్ని. పాస్టరు గారు ఆ మాటే అన్నారు. మా వాడు ఫోనులో ఇంకో మాట చెప్పాడు. ఎప్పుడో ఒకే మానును కోసి కొంత గిటార్లు చేసేవాళ్లకు, కొంత ఓడకు అమ్మి ఉంటారు, ఓడ మునిగి ఉంటుంది అన్నాడు. అయ్యుండొచ్చు. అయితే ప్రపంచం ఇంత పెద్దది కదా, రెండు ముక్కలూ వచ్చి మా ఇంట్లోనే ఎందుకు పడ్డాయిరా అంటే, ఫోను కరుణకిమ్మన్నాడు.

నాకు అంతుపట్టనిది ఇంకొకటి.

గిటారు వచ్చిన వారానికి, వంటింట్లో ఆ పీట మీద కూర్చుని గోంగూర వలుస్తున్నాను. నా తొడ పక్కన, పీట అంచున, రెండుసార్లు వేలితో కొట్టినట్టయింది. చెవికి వినబడింది కాదు, చెక్కలో తెలిసింది. ఎలుక అనుకుని లేచి చూశాను. ఏమీ లేదు. ఎందుకో ఆయన గదిలోకి పోయాను. గిటారు అంచు మీద వేలు ఇంకా లేచే ఉంది.

నేల గుండా అదురు వస్తుందేమో అనుకున్నాను. మర్నాడు పీట తీసేసి నేల మీద కూర్చున్నాను. ఏమీ రాలేదు. కరుణను పీట మీద కూర్చోబెట్టాను. కాసేపటికి ఉలిక్కిపడి లేచింది. ఆ రోజు నుంచి ఆ పీట మీద కూర్చోదు, తోమడానికి మాత్రం తోముతుంది.

అప్పుడు పీటను పెరట్లోకి, బోరింగు అవతల ఇసకలోకి తీసుకుపోయాను. ఆయన గది కిటికీ దగ్గర కరుణను నిలబెట్టి, మామ వేలు కొడితే చెయ్యి ఎత్తమన్నాను. నేను కిటికీకి వీపు పెట్టి కూర్చోలేదు, ఎదురుగానే కూర్చున్నాను, చూడాలని. బండ్లేవీ పోని సమయం. చాలాసేపు ఏమీ లేదు. నా ఇంత వయసుకి ఇదేం పని అని సిగ్గేసింది. అంతలో పీట అంచున వేలు రెండుసార్లు కొట్టింది. తలెత్తి చూశాను. కిటికీలో కరుణ చెయ్యి పైకి ఎత్తి ఉంది. మొహం పాలిపోయి ఉంది.

దీన్ని ఏమనాలో నాకు తెలియదు. దయ్యం అనలేను, మనిషి బతికే ఉన్నాడు, ఆకలి వేసి అడుగుతున్నాడు. ఆ గిటారుతో నా పీటకు ఏం సంబంధమో, అది మా పెళ్లికి ముందుదో తర్వాతదో, ఎవరు ఎవరిని వెతుక్కుంటూ వచ్చారో, ఎంత ఆలోచించినా నాకు ఒక కొస దొరకడం లేదు. బాషా కూలి ఇప్పటికీ తీసుకోలేదు. అడిగితే ఆ పీటను ఒకసారి చూపించమంటాడు. నేను చూపించను.

ఇది రాస్తున్నదీ ఆ పీట మీద కూర్చునే. ఇప్పుడే అంచున తెలిసింది. చారు వేడి చేయాలి.